మైకు పొయ్యి భీమ్‌సింగ్

ఎల్లారెడ్డిలో పొయ్యిని చూస్తేనే మండిపడే మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన పేరు భీమ్‌సింగ్. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి తిరిగే బస్సులో కండక్టర్. పొయ్యి అంటే కట్టెల పొయ్యి ఒక్కటే అనుకోకండి. గ్యాస్ పొయ్యి, కిరోసిన్ స్టవ్వు, బొగ్గుల కుంపటి, మంట కనబడే ప్రతి వస్తువుతోనూ ఆయనకు పగ. అన్నం గానీ, కూర గానీ, చాయ్ గానీ, మైక్రోవేవ్ ఓవెన్‌లో గుండ్రంగా తిరిగి బయటికి వస్తేనే అది తిండి. తిరగకుండా తయారైనది ఏదైనా ఆయన దృష్టిలో చాదస్తం.

నేను ఆయన పక్కింట్లో ఉండేవాణ్ణి. హైస్కూల్లో తెలుగు చెప్పేవాణ్ణి. నా సంగతి ఎందుకంటే, ఆ ఓవెన్ వల్ల ఈ భూమ్మీద అందరికన్నా ఎక్కువ నష్టపోయినవాణ్ణి నేనే. భీమ్‌సింగ్ భార్య మంగ్లి వంటకు మా వీధిలోనే కాదు, వాళ్ల తండాలోనూ ఊళ్లోనూ కూడా పెద్ద పేరు. ఆదివారం ఆమె మటన్ కూరకు మసాలా వేయిస్తుంటే, ఇవతల పప్పన్నం ముందు కూర్చున్న నేను ఆ వాసన నంజుకుని తినేసేవాణ్ణి. వాసనతో సరిపెట్టుకోవలసిన అవసరం కూడా ఎప్పుడూ రాలేదు. కాసేపటికి గోడ మీదుగా ఒక గిన్నె వచ్చేది, వెనకాలే జొన్న రొట్టె వచ్చేది. ఓవెన్ దిగిన రోజు నుంచి ఆ గిన్నె రావడం మానేసింది. నా దుఃఖం మీకు అర్థమైందనుకుంటాను.

ఓవెన్ రావడం కూడా మామూలుగా రాలేదు. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ఎవరో వాడి అమ్మేసినదాన్ని కొని, తన బస్సులోనే ఎక్కించాడు. లగేజీ టికెట్ తానే కొట్టి, తానే కొనుక్కుని, తానే చెక్ చేసుకున్నాడు. దాన్ని కండక్టర్ సీట్లో కూర్చోబెట్టి, పైన తువ్వాల కప్పి, తాను మాత్రం దారి పొడుగునా నిలబడే వచ్చాడు. లింగంపేటలో ఎక్కిన ఒక ముసలమ్మ దాన్ని చూసి ముచ్చటపడింది.

“బిడ్డా, టీవీ కొన్నవా?”

“టీవీ కాదవ్వా, వంట పెట్టె.”

“గిండ్ల బొమ్మలు రావా?”

“బొమ్మలు రావు, బువ్వొస్తది.”

“మరి బియ్యం ఎవలెయ్యాలె?”

“మనమే ఎయ్యాలె.”

“గట్లయితే మా ఇంట్ల బువ్వొండే గంజుకేం తక్కువైంది బిడ్డా!”

బస్సంతా నవ్వింది. భీమ్‌సింగ్ కూడా నవ్వాడు. ఆయనలో ఉన్న గొప్పతనం అదే, ఎవరెంత నవ్వినా తన మీద కాదన్నట్టు తానూ కలిసి నవ్వేవాడు.

మర్నాటికల్లా వీధి వీధంతా తెలిసిపోయింది, కానీ కాస్త తేడాగా తెలిసింది. భీమ్‌సింగ్ ‘మైక్రో, మైక్రో’ అంటూ చెప్పుకు తిరిగితే జనం చెవికి అది ‘మైకు’ అని ఎక్కింది. ప్రత్యేక రాష్ట్రం కోసం రోజూ ఎక్కడో ఒకచోట ధర్నా జరుగుతున్న కాలం. మైకు దొరకడమే కష్టంగా ఉండేది. మా మహిళా సంఘం పెద్ద అంజవ్వ పొద్దున్నే వచ్చి తలుపు తట్టింది.

“ఓ భీమ్‌సింగూ, మైకు తెచ్చినవట గద! రేపు తహసీలు ముంగట కూసుంటున్నం, జర ఇయ్యరాదు?”

“అక్కా, గది మైకు గాదు. వంట చేస్తది.”

“వంట సంగతి తర్వాత. మాట్లాడితే ఎంత దూరం ఇనవడతది?”

“మాట్లాడదక్కా. అయిపోయినంక టింగ్ అంటది.”

“టింగ్ అనే మైకు నేనేం చేసుకోను!” అని అంజవ్వ విసురుగా వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి దాని పేరు మైకు పొయ్యి, ఆయన పేరు మైకు పొయ్యి భీమ్‌సింగ్.

ఇక్కడో చిక్కు వచ్చింది. ఓవెన్‌లో స్టీలు పెట్టకూడదు. మన ఇళ్లలో స్టీలు కానిది ఏముంది? పెళ్లిలో వచ్చిన గిన్నెలు, ఒడి బియ్యంతో వచ్చిన పళ్లేలు, ప్రతిదాని మీదా ఎవరో ఒకరి పేరు చెక్కి ఉంటుంది. మొదటి రోజు భీమ్‌సింగ్ తన మేనమామ పేరున్న గిన్నెలో పాలు పోసి పెట్టాడు. లోపల పటపటమని మెరుపులు మెరిశాయి. మా రెండిళ్ల ఫ్యూజులూ ఎగిరిపోయాయి. “మామకు కోపమొచ్చింది సార్” అని నాతో అని, ఆ సాయంత్రమే కామారెడ్డి నుంచి పింగాణీ గిన్నెలు తెచ్చుకున్నాడు.

ఇంకోసారి కోడిగుడ్లు ఉడకబెడతానని పెట్టాడు. అవి ఉడకలేదు, పేలాయి. మా వీధి బస్టాండు రోడ్డును కలిసే మూల మీద చాయ్ హోటల్ నడిపే యాకూబు సిలిండర్ పేలిందనుకుని బకెట్‌తో నీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

“భాయ్, ఏమైంది?”

“ఏం లేదు యాకూబ్ భాయ్. ఆమ్లెట్ అనుకుంట, జర తొందరపడ్డది.”

ఆయన ఇంటికి భోజనానికి వెళ్లడం అంటే బస్సెక్కినట్టే. గడపలో అడుగు పెట్టగానే “లోపటికి జరుగుండ్రి, లోపటికి జరుగుండ్రి” అనేవాడు. వచ్చింది నేనొక్కణ్ణే అయినా సరే. ప్యాకెట్ చించి, గిన్నెలో పోసి, మీట నొక్కుతూ “రైట్ రైట్!” అని కేకేసేవాడు. లోపల గిన్నె తిరుగుతున్నంతసేపూ గాజు తలుపు ముందు గొంతుక్కూర్చుని చూసేవాడు. టింగ్ అనగానే “హోల్డాన్!” మధ్యలో కరెంటు పోయిందనుకోండి, “ప్యాసింజర్లు జర ఓపిక పట్టాలె, బండి ఆగింది” అనేవాడు. ఆ రోజుల్లో కరెంటు ఉన్నప్పటికన్నా లేనప్పుడే ఎక్కువ కాబట్టి, ఆ ఇంట్లో ఆకలి కూడా కోతల వేళలు చూసుకునే వేసేది. సగం వేడెక్కిన పనీరు ముందు నేను చీకట్లో ఎన్ని సాయంత్రాలు కూర్చున్నానో నాకే తెలియదు.

కామారెడ్డిలో కొత్తగా తెరిచిన సూపర్ బజారులో ఒకటి కొంటే ఒకటి ఉచితం అని అమ్మే ప్యాకెట్లన్నీ ఆయన సంచీలో ఉండేవి. రాజ్మా, పాలక్ పనీర్, ఛోలే, ఉప్మా, కిచిడీ. తేదీ దగ్గర పడ్డ సరుకైతే మరీ ఇష్టం, పాడుకాకుండా ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి పెట్టేవాడు. వాటి గొప్పతనం గురించి మొదలుపెడితే ఇక ఆగేవాడు కాదు.

“పొగ లేదు, మసి లేదు. గిన్నెలు తోముడు లేదు. డ్యూటీ దిగి వచ్చి కాళ్లు చేతులు కడుక్కునే లోపట్నే కూర! రాజులకైనా ఉండెనా సార్ గిసుంటి భాగ్యం?”

“రాజులకు వండేటోళ్లు ఉండిరి గదనయ్యా.”

“వండేటోళ్లకు తిట్లు వడుతుండె. దీన్ని ఎవలు తిడ్తరు?”

“నేను తిడ్త” అనేవాణ్ణి.

ఆ మాటల్లో న్యాయం లేదని నేననను. తెల్లవారుజామున మొదటి బస్సుకు పోయే మనిషికి వేడి ఉప్మా దొరకడం చిన్న విషయం కాదు. చుక్క నూనె లేకుండా అప్పడం కాలడం నేను కళ్లారా చూశాను, ఆ ఒక్క విషయంలో ఓవెన్‌కు చేతులెత్తి దండం పెడతాను. మా స్కూల్లో ఒంటరిగా ఉంటున్న లెక్కల మాస్టారు భీమ్‌సింగ్ దగ్గర ఉపదేశం పొంది అలాంటిదే ఒకటి కొనుక్కున్నాడు, హోటల్ తిండి నుంచి బయటపడి కాస్త తేరుకున్నాడు కూడా.

కానీ అటు వైపు కూడా చెప్పాలి కదా. గిన్నె అంచున కూర కుతకుతమంటుంటే నడుమ మంచుగడ్డలా ఉండేది. ఒక ముద్దకు నాలుక కాలేది, తర్వాతి ముద్దకు పళ్లు జివ్వుమనేవి. రాజ్మాకూ ఛోలేకూ పనీరుకూ రుచిలో తేడా ఉండేది కాదు. అట్ట మీది బొమ్మ చూసి ఏం తింటున్నామో తెలుసుకోవాలి. బొమ్మలో కొత్తిమీర ఉండేది, లోపల వెతికినా దొరికేది కాదు. ‘ఇద్దరికి సరిపోతుంది’ అని రాసి ఉండేది, ఆ ఇద్దరూ బహుశా పసిపిల్లలై ఉంటారు. ఇక జొన్న రొట్టెను ఆ పెట్టెలో పెట్టి తీస్తే అది బస్సు టైరుకు అతుకు వేయడానికి తప్ప మరి దేనికీ పనికొచ్చేది కాదు.

“ఎట్లున్నది సార్?” అని అడిగేవాడు భీమ్‌సింగ్.

“నీకెట్లున్నది?”

“ఫస్ట్ క్లాస్!” అనేవాడు. ఎప్పుడూ అదే మాట. నడుమ గడ్డకట్టిన ముద్దను కరకరా నములుతూ కూడా ఫస్ట్ క్లాసే.

మంగ్లి మాత్రం గోడ అవతల నిలబడి, “మా ఆయినకు డబ్బ పిచ్చి లేసింది సార్. నన్ను పొయ్యి కాడికి పోనిస్తలేడు” అని నవ్వేది. వీధిలో ఆడవాళ్లకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అంత మంచి చేతిని మూల కూర్చోబెట్టాడని భీమ్‌సింగ్‌ను ఎదురుగానే తిట్టేవాళ్లు. అందరికన్నా అంజవ్వ ఎక్కువ. ఎలాగైనా మంగ్లిని మళ్లీ పొయ్యి ముందు నిలబెట్టి తీరుతానని శపథం చేసింది. నేను పైకి అనలేదు గానీ, అంజవ్వ గెలవాలని రోజూ దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఆ అవకాశం రెండువేల పదకొండు ఎండాకాలంలో వచ్చింది. ఊరూరా వంటా వార్పు చెయ్యాలని పిలుపు వచ్చింది. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే వడ్డించి, బండ్లు కదలకుండా చేసే నిరసన అది. మా ఊళ్లో బస్టాండు ముందర అని తేల్చారు. అంజవ్వ తిన్నగా భీమ్‌సింగ్ ఇంటికొచ్చింది. నేను గోడ దగ్గరే ఉన్నాను, ఉండకుండా ఎలా ఉంటాను.

“బగార అన్నం మేం చూసుకుంటం. ఆలుగడ్డ, వంకాయ కూర మంగ్లి చెయ్యాలె. ఊరందరికీ ఆమె చేతి కూరే.”

భీమ్‌సింగ్ ముఖం పాలిపోయింది. “అక్కా, ఆమెకు కాళ్ల నొప్పులు.”

“వండేది చేతులతోని.”

“నస్రుల్లాబాద్ల మా చుట్టాలింట్ల పనున్నది, పోతున్నం.”

“బండ్లే నడవయి గదా, ఎట్ల పోతవు? నడుసుకుంట పోతవా?”

భీమ్‌సింగ్ భుజాన లేని టికెట్ల సంచీని తడుముకున్నాడు, అదే ఒప్పుకోలు అనుకుని అంజవ్వ వెళ్లిపోయింది. మంగ్లి తలుపు వెనక నిలబడి, పైట కొంగును వేలికి చుట్టుకుంటూ నేలకేసి చూస్తోంది.

ఆ రోజు రానే వచ్చింది. బస్టాండు ముందు రోడ్డంతా పొయ్యిలే. రాళ్లు, కట్టెలు, పొగ, నినాదాలు, డప్పులు. బగార అన్నం ఉడుకుతున్న వాసనకు మా హెడ్మాస్టర్ అప్పుడే విస్తరాకు పట్టుకుని తిరుగుతున్నాడు. అన్నిటికన్నా పెద్ద గంజు ముందు మంగ్లి నిలబడింది. వంకాయలు వేసింది, ఆలుగడ్డలు వేసింది, పసుపూ కారం వేసింది. ఉప్పు పిడికిట్లోకి తీసుకుంది. ఆ తర్వాత ఆగిపోయింది. చెయ్యి గంజు మీదే ఉంది, ఉప్పు మాత్రం కింద పడటం లేదు.

సరిగ్గా అప్పుడు భీమ్‌సింగ్ భుజాన ఓవెన్ పెట్టుకుని జనంలోంచి తోసుకుంటూ వచ్చాడు. మెడలో ప్యాకెట్ల సంచీ. యాకూబు హోటల్ నుంచి రోడ్డు దాకా పొడుగాటి వైరు లాక్కొచ్చాడు.

“జరుగుండ్రి, జరుగుండ్రి! గీ కూర ఎందుకు, అందరికి సరిపోయే ప్యాకెట్లు తెచ్చిన. రైట్ రైట్!”

మీట నొక్కాడు. ఊరంతా గొల్లున నవ్వింది. గిన్నె ఒక చుట్టు తిరిగిందో లేదో కరెంటు పోయింది. డప్పుల వాళ్లు కూడా కర్రలు దించి నవ్వారు. అయినా భీమ్‌సింగ్ వెనక్కి తగ్గలేదు. వెళ్లి మంగ్లికీ గంజుకూ నడుమ అడ్డంగా నిలబడ్డాడు.

అంజవ్వకు ఒళ్లు మండింది. “సిగ్గుండాలె! పెండ్లాం చేతులు కట్టేసి ఇంట్ల కూసోబెట్టినవు. గియ్యాల గూడ వండనిస్తలేవు. ఊరి పనికన్న నీ డబ్బ ఎక్కువైందా? నువ్వసలు మొగనివేనా?”

భీమ్‌సింగ్ తల వంచుకుని అలాగే నవ్వుతూ నిలబడ్డాడు. అందరూ తలా ఒకటి అన్నారు. మొహమాటం లేకుండా అన్నారు. ఆయన చెమట తుడుచుకుని, కరెంటు వస్తుందేమోనని హోటల్ వైపు చూశాడు.

మంగ్లి పిడికిట్లో ఉన్నదాన్ని తిరిగి ఉప్పు గిన్నెలో పోసేసింది.

“అక్కా, గాయిన్ను ఏమనకుండ్రి” అంది. గొంతు గట్టిగానే ఉంది. “తప్పంత నాది. నాకే నాలుక సచ్చింది. ముందటేడు వానకాలం జరమొచ్చినప్పటి సంది వాసన లేదు, రుచి లేదు. నోట్లేసుకుంటే ఉప్పేదో బెల్లమేదో తెల్వది. కామారెడ్డి డాక్టరు వస్తే వస్తది, లేకుంటే లేదన్నడు. మా తండల పండుగనాడు కూరల ఉప్పు రెండుమార్లేసిన. ముసలోళ్లు ముద్ద ఉమ్మేసి లేసిండ్రు. ఇగ పొయ్యి ముట్టనని ఆ దినమంత ఏడ్సిన. తెల్లారే గాయిన గీ డబ్బ తెచ్చిండు. ఎవలన్న అడిగితే నాకే పిచ్చి లేసిందని చెప్త, నీ చేతికున్న పేరు పోనియ్యనన్నడు. గందుకే గిన్ని దినాలు అందరితోని తిట్లు తింటున్నడు.”

భీమ్‌సింగ్ చెవులు ఎర్రబడ్డాయి. దొంగతనం బయటపడ్డ మనిషిలా ఇబ్బంది పడుతూ, “ఊకో మంగ్లీ, డబ్బ గూడ మంచిదే” అని గొణిగాడు. ఆ మనిషి మీద నాకు ఆ క్షణంలో పుట్టుకొచ్చిన ప్రేమ ఇంతా అంతా కాదు. గడ్డకట్టిన పనీరును ఫస్ట్ క్లాస్ అంటూ అన్నాళ్లు నమిలింది ఎవరి కోసమో తెలిశాక, వెళ్లి కౌగిలించుకోవాలనిపించింది. ఓవెన్ అడ్డంగా ఉండి కుదరలేదు.

అంజవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది, ఆ వెంటనే మళ్లీ అంజవ్వ అయిపోయింది.

“గింతేనా? గింత దానికి ఏడాదిన్నర పొయ్యి ముట్టకుంట కూసున్నవా? నీ నాలుక పోతే ఊర్ల ఇంకెవలకు నాలుకలు లేవా? చెయ్యి నీది, నాలుక మాది. పట్టు గంటె!”

మంగ్లి గంటె అందుకుంది. ఉప్పు వేసి, కలిపి, చుక్క రసం అంజవ్వ అరచేతిలో పోసింది. అంజవ్వ చప్పరించి, “జర ఉప్పు” అంది. యాకూబు వచ్చి చెయ్యి పట్టాడు. “ఇంకింత పడాలె చెల్లె.” డప్పుల వాళ్లు వచ్చారు. హెడ్మాస్టర్ వచ్చాడు. రోడ్డు ఖాళీ చేయించడానికి వచ్చిన కానిస్టేబుల్ అందరినీ తప్పుకోమని అరుస్తూనే గంజు దాకా వచ్చి, టోపీ చంకలో పెట్టుకుని, చెయ్యి చాపి, చప్పరించి, “కొద్దిగ తక్కువనే ఉన్నది” అని తీర్పు చెప్పాడు. నేనైతే రుచి తేల్చుకోలేనట్టు ముఖం పెట్టి మళ్లీ మళ్లీ వెళ్లాను. ఇంత బాధ్యత గల పని నాకు అంతకుముందు ఎవరూ అప్పగించలేదు. ఊరి మాటంటే గౌరవం కదా, మంగ్లి ఎవరేమన్నా తల ఊపి చిటికెడు వేస్తూనే పోయింది.

అందరం రోడ్డు మీదనే బారుగా కూర్చున్నాం. వడ్డన మొదలైంది. మొదటి ముద్దకే సంగతి అందరికీ తెలిసిపోయింది. కూర ఉప్పు కషాయం. అయినా ఎవరూ నోరెత్తలేదు. ఎలా ఎత్తుతారు? ప్రతివాడి చిటికెడూ అందులో ఉంది. కానిస్టేబుల్ గుటకలు మింగుతూ చెంబు చెంబు నీళ్లు తాగుతున్నాడు. హెడ్మాస్టర్ “అద్భుతం” అన్నాడు, కళ్లలో నీళ్లతో.

మంగ్లి గంటె పట్టుకుని వచ్చి భర్త విస్తరి ముందు ఆగింది.

“ఎట్లున్నది?”

వరస మొత్తం తినడం ఆపి భీమ్‌సింగ్ వైపు చూసింది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మంగ్లి ముఖంలోకి చూశాడు. ఫస్ట్ క్లాస్ అంటాడని మేమంతా సిద్ధంగా ఉన్నాం.

“ఉప్పెక్కువైంది” అన్నాడు.

అంజవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. నేను ముద్ద అలాగే పట్టుకుని ఉండిపోయాను. మంగ్లి పకపకా నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆ నవ్వు ఆగలేదు.

“జరం రాకముందు దినాం నా వంటకు వంక పెడుతుండె సార్ గీ మనిషి” అంది నాతో. “ఉప్పెక్కువ, కారం తక్కువ అని కొట్లాడుతుండె. అటెన్క ఒక్కనాడు అనలే. గప్పుడు సమజైంది నాకు, ఇగ నా వంట పనైపోయిందని.”

భర్త వైపు తిరిగి గంటె ఝాడించింది. “ఉప్పు నేనెయ్యలే. ఊరేసింది. పోయి ఊరితోని కొట్లాడు!”

అంటూనే ఆయన విస్తట్లో ఇంకో గంటె నిండుగా కూర వేసింది. భీమ్‌సింగ్ నీళ్లు తాగి, ముద్ద తిని, ఎక్కువైందని గొణిగి, మళ్లీ నీళ్లు తాగి, మళ్లీ విస్తరి ముందుకు జరిపాడు.